పచ్చ చేతుల వీధి

నా పని ఏసీలు బిగించడం, చెడిపోతే బాగుచేయడం. ఆ ఎండాకాలం నా కూతురు నెత్తికెత్తుకున్న పని, అవే ఏసీలను ఆపించడం. "తండ్రి పొట్ట మీద కూతురే కొడుతోంది" అని మా ఆవిడ పడీ పడీ నవ్వేది. నాకు మాత్రం నవ్వాలో ఏడవాలో అర్థమయ్యేది కాదు.

దీనికంతటికీ మూలం వాళ్ళ సైన్సు టీచరు. వాతావరణం ఎలా మారిపోతోందో పాఠం చెప్పి ఊరుకోవచ్చు కదా. ఊరుకోకుండా, మీ వీధివాళ్ళకు మీరే చెప్పండి, వాళ్ళచేత ఒక్క అలవాటైనా మాన్పించండి అని పిల్లల్ని మా మీదకు వదిలింది. మాది అసలే పిడుగు. ఇంటా బయటా దాన్ని పిలిచేదీ ఆ పేరుతోనే. పొద్దున్నుంచి ఎండ దిగేదాకా వీధిలో ఎవరూ ఏసీ వేయకూడదని, రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వేసుకోవాలని తీర్మానించేసింది. ఒప్పుకున్నవాళ్ళ అరచేతికి ఆకుపచ్చ రంగు పూసి, వాళ్ళ తలుపు మీదే ముద్ర వేయించేది.

"ఏసీ వేడిని మింగేయదు నాన్నా. గదిలోంచి తీసి వీధిలో పారబోస్తుంది. పైగా దాని కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలాలి. నీకు తెలీదా?" అని నన్నే నిలదీసింది.

నాకు తెలియకపోవడమేమిటి! మీసాలు రాకముందు నుంచీ నేను చేస్తున్నది అదే పని. కాకపోతే ఎవరూ నా ముఖం మీద అలా అనలేదు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం.

"ఆ వేడి పారబోసి సంపాదించిన డబ్బులతోనే నువ్వు చదువుకుంటున్నావ్" అన్నాను.

"అందుకే నీకు ముందు చెబుతున్నా" అంది, ఏమాత్రం తగ్గకుండా.

అది అడిగితే కాదనేవాళ్ళు మా వీధిలో లేరు. బ్యాంకులో పనిచేసే ఆయన ముద్ర వేశాడు. లాయరు గారి భార్య రెండు చేతులూ వేసింది. వారం తిరిగేసరికి ఏ తలుపు చూసినా పచ్చ చెయ్యే. మా ఇంటి పక్క సందు చివర ఒంటిగదిలో ఉండే టైపు మామ్మ కూడా వేసింది. ఆవిడ ఒకప్పుడు టైపు నేర్పేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆవిడ గుండెకు వేడి పడదని, గది చల్లగా ఉంచుకోమని డాక్టరు చెబితే, కిందటేడు ఆ గదిలో ఏసీ నేనే బిగించాను. రోజూ బడి నుంచి రాగానే పిడుగు ముందు అక్కడికే పరుగెత్తేది.

నా ఫోను మూగబోతుందనుకున్నాను. అలా జరగలేదు సరికదా, అంతకుముందుకన్నా ఎక్కువ మోగడం మొదలుపెట్టింది. మొదట చేసింది బ్యాంకు ఆయన. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఏసీ చల్లబడటం లేదయ్యా. మధ్యాహ్నం ఒకసారి రా. వెనక మెట్ల మీదుగా రా."

"మీ తలుపు మీద చెయ్యి ఉంది కదండీ?"

"ఉందయ్యా, ఎవరు కాదన్నారు? వీధి వీధంతా ఆపేసింది కదా, నేనొక్కణ్ణి వేసుకుంటే భూమి మునిగిపోతుందా? మీ పిడుగుతో అనకు. చిన్నపిల్ల, నొచ్చుకుంటుంది."

వెళ్ళి ఫిల్టరు కడిగి, గ్యాసు చూసి వచ్చాను. మర్నాడు లాయరు గారి భార్య. పనిముట్లు కూరగాయల సంచిలో పెట్టుకుని రమ్మంది. ఆవిడదీ అదే మాట: అందరూ ఆపేశారు కదా, నేనొక్కదాన్నే కదా అని. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ప్రతి ఒక్కరూ తామొక్కరే తప్పు చేస్తున్నామనుకుంటున్నారు. వీధంతా వేస్తోందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కూరగాయల సంచి పట్టుకుని దొంగలా పెరటి దారుల్లో తిరుగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసేది. ఇంటికి రాగానే పిడుగు ముఖం చూస్తే ఇంకా గందరగోళం.

"మన వీధి మాట మీద నిలబడిందని టీచరు క్లాసులో అందరి ముందూ చెప్పింది నాన్నా!"

నిజం చెబితే దాని గుండె పగులుతుంది. చెప్పకపోతే నేనూ ఆ పచ్చ చేతులవాళ్ళలో ఒకణ్ణి. మింగలేక కక్కలేక మా ఆవిడతో చెప్పుకున్నాను.

"చెప్పేయండి" అంది.

"దాని సంతోషం నా చేతులతో నేనే తుడిచేయనా?"

"అయితే చెప్పకండి."

"రేపు వేరేవాళ్ళ ద్వారా తెలిస్తే?"

"మీకేం కావాలో మీకే తెలీదు, నన్నెందుకు చంపుతారు?" అని దుప్పటి ముసుగు పెట్టేసింది.

టైపు మామ్మ మాత్రం ఫోను చేయలేదు. కొత్త ఏసీ, ఇబ్బంది పెట్టడం లేదు కాబోలు అనుకున్నాను. ఆవిడ కూడా అందరిలాగే గుట్టుగా వేసుకుంటుందిలే అనుకున్నాను. వీధిలో అందరి సంగతీ తెలిసినవాణ్ణి కదా, నాకు అనుమానమే రాలేదు.

బడికి సెలవు ఉన్న ఒక మధ్యాహ్నం, బ్యాంకు ఆయన డాబా మీద ఉన్నాను. గదిలోని వేడిని బయటికి ఊదే అవుట్‌డోర్ పెట్టె కింద గోడకు వేలాడుతోంది. వంగి దాని వైపు చెవి పెట్టి చప్పుడు వింటున్నాను. కింద సందులోంచి కేక వినిపించింది.

"నాన్నా! మామ్మ లేవట్లేదు!"

ఇంటి వైపు పరుగెడుతున్న పిడుగు నా అలికిడికి తలెత్తింది. నన్ను చూసింది, తిరుగుతున్న పెట్టెను చూసింది. తర్వాత మెట్లెలా దిగానో నాకే తెలియదు.

గది తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. టైపు మామ్మ మంచం పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. గోడ మీద ఏసీ ఆపేసి ఉంది. మా ఆవిడ వీధి మలుపులో ఉన్న డాక్టరును పిలుచుకొచ్చేలోపు నేనూ పిడుగూ తడిగుడ్డలతో ఆవిడ మెడా చేతులూ తుడుస్తూ కూర్చున్నాం. డాక్టరు వచ్చి సెలైన్ పెట్టి, చాలాసేపు నాడి చూశాడు.

"వేడికి సొమ్మసిల్లింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. ఈ గది ఇప్పుడే చల్లబడాలి. లేదంటే ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతాను" అన్నాడు.

రిమోటు అందుకున్నాను. ఈలోపు కళ్ళు తెరిచిన మామ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత నీరసంలోనూ గట్టిగా పట్టుకుంది.

"వద్దబ్బాయ్. పిల్లకు మాటిచ్చాను. వీధంతా ఓర్చుకుంటుంటే నేనొక్కదాన్ని వేసుకుంటే ఏం బాగుంటుంది?"

"మామ్మా, ఆ మాట నీకు అక్కర్లేదు, నువ్వు వేసుకో!" అని పిడుగు ఏడ్చేసింది.

"తప్పు తల్లీ. మాటంటే మాటే."

డాక్టరు చేతి గడియారం చూసుకుంటున్నాడు. నాకిక దారి లేదు. కూతురి వైపు చూడకుండా చెప్పేశాను.

"ఎవరూ ఓర్చుకోవడం లేదు మామ్మగారూ. అందరూ వేసుకుంటున్నారు. మొదటి వారం నుంచే. చెడిపోతే నేనే వెళ్ళి బాగుచేసి వస్తున్నాను."

పిడుగు ఏడుపు ఆగిపోయింది. కోపగించుకుంటే బాగుండేది. అది నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. మామ్మ మాత్రం కోప్పడలేదు. ఏదో లెక్క కుదరనట్టు నుదురు ముడేసి, మంచం పక్కనున్న కిటికీ వైపు చూసింది. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే. దాని ఎదురుగా గోడ మీద బ్యాంకు ఆయన పెట్టె, దాని పక్కన లాయరు గారిది. రెండూ తిరుగుతున్నాయి. వేరే చోటు లేక అక్కడ బిగించింది నేనే.

"అదా సంగతి! మధ్యాహ్నమయ్యేసరికి ఈ కిటికీలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొట్టేది" అంది. "నువ్వు చెప్పావు కదమ్మా, భూమి వేడెక్కుతోందని. అదే కాబోలు అనుకున్నాను."

ఆ మాటకు నాకు చచ్చిపోవాలనిపించింది. డాక్టరు తల దించుకున్నాడు. పిడుగు నా చేతిలోంచి రిమోటు లాక్కుని ఏసీ వేసింది. వెళ్ళి ఆ కిటికీ మూసేసింది.

మామ్మ కుదుటపడ్డాక, రాత్రికి ఆవిడ దగ్గర పడుకుంటానని మా ఆవిడ అక్కడే ఉండిపోయింది. పొద్దుపోయే వేళకు మేమిద్దరం ఇంటికి వచ్చాం. పిడుగు గోడకు ఆనుకుని కూర్చుంది. దాని గోళ్ళ సందుల్లో పచ్చరంగు ఇంకా పోలేదు.

"చెప్పకపోవడం నాదే తప్పు" అన్నాను.

"నువ్వు చెబితే నేను నమ్మేదాన్నా?"

"ఏమో."

"మామ్మను నేనే పడేశానా నాన్నా? వాళ్ళా? నువ్వా?"

ఆ ముద్రలన్నీ తుడిచేస్తావా అని అడిగితే తెలీదంది. టీచరుకు ఏం చెబుతావంటే, నువ్వే చెప్పు, ఏం చెప్పాలి అంది. నాకూ తెలీదన్నాను. ఇన్ని వారాల్లో దానితో ఏదీ దాచకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

ఊరందరికీ ఏసీలు బిగించే మా ఇంట్లో ఏసీ లేదు. పాతకాలపు ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఉన్నట్టుండి కిటికీలోంచి వేడిగాలి వచ్చి మీద పడింది. మామ్మ గది బయటి గోడకు బిగించిన పెట్టె సరిగ్గా మా కిటికీకి ఎదురుగా ఉంటుంది. కిందటేడు వచ్చిన ఈ గాలి, మామ్మ మాటిచ్చాక రాత్రిళ్ళు కూడా రాలేదు. ఆ సంగతి కూడా నేను గమనించలేదు చూడండి! కిటికీ రెక్క మూసేద్దామని లేచాను.

"వద్దు నాన్నా, ఉండనీ."

"ఉడికిపోతాం పిచ్చిదానా."

"ఉడికితే ఉడికాం. ఆ గాలి ఆగిపోతే మనకు తెలియాలిగా" అంది.

కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి, వచ్చి దాని పక్కన కూర్చున్నాను.