ఎక్కడికని అడగని రోజు

కిటికీ పక్క బెడ్ మీద ఇప్పుడు వేరే ఊరి మాస్టారెవరో పడుకుంటున్నారు. అయినా డయాలసిస్ మెషిన్ కూత పెట్టినప్పుడల్లా సంహితకి అక్కడ జోగయ్యే కనిపిస్తాడు. చేతికి గొట్టాలు, చూపు మాత్రం కిటికీ బయట, గాలి ఎటు తిరిగిందో చూసుకుంటూ.

జోగయ్యది భావనపాడు. ఊహ తెలిసినప్పటి నుంచి సముద్రం మీదే బతుకు. కిడ్నీలు పాడయ్యాక రోజు విడిచి రోజు ఈ ఆసుపత్రి. సంహిత నర్సుగా చేరిన కొత్తలో, డయాలసిస్ అయి బయల్దేరుతున్న ఆయన్ని "ఎక్కడికి బాబాయ్, ఇంటికేనా?" అని అడిగింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎల్తన్నోడ్ని ఎక్కడికని అడక్కూడదే తల్లీ! వేటకెల్లేవోళ్లం, మాకసలు పనికిరాదు. అడిగీసినావు గదా, ఇంక కూకోవాల."

వెనక్కొచ్చి, బెడ్ మీద కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ వెళ్లాడు. వార్డంతా ఒకటే నవ్వు. సంహిత మళ్లీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

అలాంటి మనిషి ఒకరోజు, ఆమె సూది గుచ్చుతుండగా మెల్లగా అన్నాడు. "ఇంక రానమ్మా. ఎల్లుండి ఆస్పత్రికని సెప్పి పడవెక్కీస్తాను. మా దానమ్మకి సెప్పకు. తెలిస్తే నన్ను కదలనివ్వదు."

సంహిత పరుగున వెళ్లి డాక్టర్ నరసింగరావుని పిలుచుకొచ్చింది. మానేస్తే ఏమవుతుందో ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. జోగయ్య అన్నీ విని తలూపాడు, అంతే.

"వైద్యం వద్దనే హక్కు ఆయనది," అన్నాడు డాక్టర్ బయటికొచ్చాక. "ఆ సంగతి భార్యకి చేరవేసే హక్కు మనకి లేదు. నీకెంత కష్టంగా ఉన్నా సరే."

కష్టంగానే ఉంది మరి. రామతీర్థంలో గుడి సేవ చేసే ఇంట్లో పుట్టిన పిల్ల. అబద్ధమాడితే ఆ పూటకి తండ్రి జానకిరామయ్య దేవుడి గదిలో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఇక్కడేమో నోరు మూసుకోవడమే ధర్మమంటున్నారు!

ఆ ఎల్లుండి రానే వచ్చింది. పొద్దున్నే దానమ్మ ఫోన్ చేసింది.

"తల్లీ, మా మావ వచ్చీసినాడా?"

"రాలేదు పిన్నీ," అంది సంహిత. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేకుండా ఎంత చక్కగా దాటేసిందో తలుచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

"ఆటో దొరకనేదేమో," అని పెట్టేసింది దానమ్మ.

జోగయ్య వేట చేసుకునే వచ్చాడు. తర్వాత ఎంతమంది బతిమాలినా ఆసుపత్రి గడప తొక్కలేదు. కొద్దిరోజులకే ఒళ్లంతా వాచి, ఊపిరాడక పోయాడు.

కర్మకాండలు ముగిశాక దానమ్మ వచ్చింది. ఆ పూట డయాలసిస్ అయి మాస్టారు ఇంటికెళ్లిపోయారు, కిటికీ పక్క బెడ్ ఖాళీగా ఉంది. దాని అంచు తడుముతూ నిలబడి అడిగింది.

"నీకు సెప్పినాడా తల్లీ?"

చనిపోయినవాళ్ల గుట్టు కూడా గుట్టే. సంహితకి ఆ సంగతి తెలుసు. అయినా ఈసారి దాటెయ్యడం ఆమె వల్ల కాలేదు.

"చెప్పాడు పిన్నీ."

దానమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని సంహితకి అనిపించింది.

"ఆ పొద్దు సద్దన్నం కేరేజీ అట్టుకుని ఎల్తంటే సూసినాను. ఆస్పత్రికెల్లేవోడికి సద్దెందుకు? ఎక్కడికని నోటిదాకా వచ్చీసినాది. ఒకేళ వేటకే ఎల్తంటే అడక్కూడదు గదా, మింగీసినాను. అందుకే నీకు ఫోన్ సేసినాను. నువ్వొక్క ముక్క సెప్పుంటే ఒడ్డుకి పరిగెట్టీదాన్ని. అప్పటికింకా పడవ నీల్లలో దిగనేదట."

దానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మం వైపు నడిచింది. ఆ వీపు చూస్తుంటే, ఈమె కూడా అలాగే వెళ్లిపోతుందేమోనని సంహితకి భయమేసింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎక్కడికి పిన్నీ?"

దానమ్మ గుమ్మంలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆమెను చూసింది.

"అడిగీసినావు గదా," అంటూ వచ్చి ఆ బెడ్ మీదే కూర్చుంది. సంహిత గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. దానమ్మ తాగలేదు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

"అడిగుంటే ఇలాగే కూకునీవోడు తల్లీ. ఇలాగే వెనక్కొచ్చి కూకునీవోడు."