సగం దించిన షట్టర్

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. మేడ మీద ముందు గదిలో, కిటికీ పక్క మంచంలో త్రినాథరావు. ఆయన కాళ్ళ దగ్గర చాప మీద భార్య ఇందిరాదేవి. వెనక గదిలో కొడుకు రాఘవేంద్ర. మెట్ల కింద పడుకునే యాదలక్ష్మిని కూడా కలుపుకుంటే నలుగురు. కలుపుకోవాలో వద్దో ఎవరూ ఎన్నడూ తేల్చలేదు.

చీకటి విడవకముందే యాదలక్ష్మి వీధి తలుపు తీసి, నీళ్ళు చల్లి, చీపురుతో ఆ నీళ్ళను రోడ్డు వైపు తోసింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ పోయే పెద్ద రోడ్డు అది. మధ్యలో మెట్రో స్తంభాల కోసం తవ్విన గోతుల చుట్టూ రేకులు నిలబెట్టారు. ఏ పూట ఊడ్చినా మరో పూటకు గుమ్మాల మీద ఎర్రటి దుమ్ము పేరుకుంటోంది.

స్టీలు డబ్బా మూత తీసి పిడికెడు ముగ్గు తీసుకుంది. డబ్బాను ఎప్పటిలాగే తలుపు లోపల మొదటి మెట్టు మీద పెట్టింది, దారిన పోయేవాళ్ళ కాలు తగలకుండా. తర్వాత నడుము దగ్గర ఒంగింది. మోకాళ్ళు ఒంగవు. నల్లగొండలో ఆమె ఊరి ఫ్లోరైడు బోరు నీళ్ళు చిన్నతనంలోనే ఆ కీళ్ళను బిగించేశాయి. కాళ్ళు నిటారుగా ఉంచి, తల కిందికి వేలాడేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని సన్నగా జారవిడుస్తుంది. గీత ఎక్కడా తెగదు.

ఆ వరుసలోని దుకాణాలన్నిటి ముందూ ఆమే ముగ్గు వేసేది. మిఠాయి కొట్టుకు పద్మం. కోచింగ్ సెంటరు మెట్ల దగ్గర నాలుగు గీతలు చాలు, పిల్లలు తొక్కుకుంటూ పోతారు. బ్యాగుల షాపు వాళ్ళకు ఏది వేసినా ఒకటే. భర్త అంతయ్య ఇదే రోడ్డుకు తారు పోసిన కూలి. ఆయన దవాఖానలో పోయాక ఊరికి వెళ్ళడానికి ఆమెకు ఎవరూ లేరు. కింద స్టీలు సామాన్ల దుకాణం నడిపే త్రినాథరావే మెట్ల కింద చోటిచ్చాడు. ముగ్గు పిండి తడవకుండా డబ్బా కూడా ఇచ్చాడు. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను ఆయన చేతిలో తుమ్మెదలా రొద పెట్టేది. డబ్బా ఇచ్చిన రోజే దాని మీద ఏదో చెక్కి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏం రాసిన్రు సారూ?"

"నీ పేరే. ఇంకెవరిదీ కాదు."

ఆమెకు చదువు రాదు. తోముతున్నప్పుడల్లా ఆ గరుకు గీతల మీద వేలు ఆనించి చూసుకునేది.

కిందటి నెల మెట్రో వాళ్ళు వచ్చి దుకాణాల గోడల మీద ఎర్రరంగు గీతలు కొట్టారు. అంతవరకు కూలుస్తారట. కూడలిలో రాబోయే రోడ్డును చూపే పెద్ద బొమ్మ కూడా నిలబెట్టారు. అందులో పైన రైలు, కింద నున్నటి రాళ్ళు పరిచిన బాట, బాట పొడుగునా చెట్లు, బెంచీలు. భుజాలకు సంచులు తగిలించుకున్న మనుషులు నవ్వుకుంటూ నడుస్తున్నారు. బండి అన్నది లేదు. యాదలక్ష్మి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"గిండ్ల ముగ్గు ఏడేస్తరు సారూ?"

త్రినాథరావు నవ్వాడు. "ముగ్గు వెయ్యడానికి గుమ్మం ఉండాలిగా యాదమ్మా."

తర్వాత ఆయనే ఆగి, వెనక గోడ కొత్తగా కట్టేటప్పుడు నీకో మూల వదులుతానన్నాడు. ఎర్రగీత సరిగ్గా ఆమె పడుకునే మెట్ల మీదుగా పోయింది. ఆమెకున్నది ఆ మాట ఒక్కటే. అది కూడా ఇద్దరి మధ్యే ఉంది. అంతలో ఆయన మంచాన పడ్డాడు.

ముగ్గు అయ్యాక పాల ప్యాకెట్టు పట్టుకుని మేడెక్కింది. ఆయన మెలకువగానే ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, ముక్కు ఒక్కటే పెద్దదైనట్టుంది.

"రేపు పొద్దున్నే కూల్చే మిషన్లొస్తాయి," అన్నాడు మెల్లగా. "రేపటి ముగ్గు ఇవాళ సాయంత్రమే వేసెయ్. పెద్దది. ఎర్రమన్ను అంచు పెట్టి. ఆఖరుసారి ఈ కిటికీలోంచి చూస్తాను."

"ఏస్త సారూ. గా మూల సంగతి..."

"గుర్తుంది. సాయంత్రం రాఘవని పిలిచి నీ ముందే చెప్తాను."

ఇందిరాదేవి దుప్పటి సర్దుతూ, "మాట్లాడించకే, ఆయాసం వస్తుంది. సాయంత్రం రా," అంది.

ఆ రోజు బంద్. బంద్ రోజు త్రినాథరావు దుకాణం షట్టరు సగమే దించేవాడు. జెండాలు పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళు పూర్తిగా మూయమంటే, "పై సగం మీది, కింది సగం మాది," అనేవాడు. మొదట్లో వాళ్ళకు కోపం వచ్చేది. తర్వాత నవ్వి పోయేవాళ్ళు. ఈ పొద్దున రాఘవేంద్ర ఇంకా షట్టరు ముట్టుకోనేలేదు.

ఎర్రమన్ను కోసం ఆమె మెట్రో గొయ్యి దగ్గరికి పోయింది. పని ఆగింది. పక్కన ఆటో నిలుపుకుని సైదులు బీడీ తాగుతున్నాడు. వాళ్ళ ఊరివాడే.

"ఏంది యాదక్కా, మెట్రోల నౌకరీ దొరికిందా?"

"జర గా మట్టి తీసియ్యి. ఒర్రకు."

రేకుల సందులోంచి చెయ్యి పెట్టి సంచి నింపాడు. "రాయల తెలంగాణ అంటున్నరట. గది మనకొద్దని బంద్. గీ రైలు నడిచేటాలకు తెలంగాణ ఒస్తది సూడు. నీకు కిటికీ కాడ సీటు."

"సీటెందుకురా. పండనీకె జాగుంటె సాలు."

సైదులు బీడీ కింద పడేసి కాలితో నలిపాడు. అతని ఆటో స్టాండు కూడా గీత లోపలే ఉంది.

ముగ్గు పిండి చాలదనిపించి కొత్తపేటకు నడిచింది. పిండి అమ్మే లచ్చమ్మ రైతుబజారు వెనక ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు రాస్తారోకో. పోలీసులు తాళ్ళు కట్టి ఎవరినీ దాటనివ్వలేదు. డివైడరు మీద కూర్చుని, సంచిలోని ఎర్రమన్ను కొంగులో పోసుకుని రాళ్ళు ఏరింది. ఎదురుగా ఆడవాళ్ళు రోడ్డు మీదే బతుకమ్మ ఆడుతున్నారు. ఆమె పెదాలు కూడా పాటతో కదిలాయి. లోపల మాత్రం సాయంత్రం ఎట్లా నిలబడాలో, రాఘవేంద్రకు ఏమని దండం పెట్టాలో అనుకుంటూనే ఉంది.

ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. షట్టరు సగం దించి ఉంది. బంద్ కదా అనుకుంది. గుమ్మం ముందు పొద్దున వేసిన ముగ్గు లేదు. నీళ్ళు పోసి ఎవరో శుభ్రంగా కడిగేశారు. తడి ఇంకా ఆరలేదు. సారు అమ్మతో చెప్పి ఉంటాడు, పెద్ద ముగ్గుకు జాగా చేయించి ఉంటాడు అనుకుంది. తల ఎత్తి చూసింది. కిటికీ మూసి ఉంది. ముగ్గు అయ్యాకే తెరుస్తారు కాబోలు.

వీధి తలుపు ఓరగా వేసి ఉంది. మెట్టు మీద డబ్బా ఉన్నచోటే ఉంది. కొత్త పిండి అందులో పోసుకుని, పిడికెడు తీసుకుని ఒంగింది.

ముందు చుక్కలు పెట్టింది. చుక్కల చుట్టూ తీగ తిప్పింది. రోడ్డు మీద బండ్లు లేవు కాబట్టి ముగ్గు గోడ మీది ఎర్రగీత కింద నుంచి బయలుదేరి రోడ్డు దాకా పోయింది. మధ్యలో తామర, నాలుగు మూలలా నాలుగు చిలకలు. చిలకల ముక్కులకు ఎర్రమన్ను అద్దింది. చుట్టూ అంచు దిద్దింది. ఆమె జన్మలో అంత పెద్ద ముగ్గు ఎవరి గుమ్మం ముందూ వేయలేదు. నడుము విరిగిపోతున్నా లేవలేదు.

ఆటో చప్పుడైంది. సైదులు ఆటోనే. వెనక సీట్లో అడ్డంగా పొడుగాటి గాజు పెట్టె, దాన్ని పట్టుకుని రాఘవేంద్ర. సైదులు ఇంజను ఆపి, ముగ్గు చూసి, దిగి దగ్గరికి వచ్చాడు.

"యాదక్కా," అన్నాడు లోగొంతుతో. "సారు పోయిండు. మధ్యాహ్నమే. బంద్‌ల చుట్టాలెవ్వరు రాలేకపోయిన్రు. ముగ్గు తుడువు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. శవాన్ని చల్లగా ఉంచే ఆ గాజు పెట్టె చూశాక అర్థమైంది. చావు జరిగిన గుమ్మానికి ముగ్గు వేయరు. ఉన్నదాన్ని కూడా కడిగేస్తారు, దుకాణం షట్టరు సగం దించుతారు. కడిగేసిన చోటే తను రంగు అంచు పెట్టి మరీ వేసింది.

కొంగుతో తుడవబోయింది. తడి నేల మీద తెలుపూ ఎరుపూ కలిసి ఇంకా పాకాయి. మేడ మీద నుంచి ఇందిరాదేవి దిగివచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆ నేలను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుపోయింది.

"సారే ఎయ్యమన్నడు బాబూ," అంది యాదలక్ష్మి. "పొద్దుగాల అమ్మ ముందలనే చెప్పిండు. పెద్దది ఎయ్యమన్నడు. ఇంకో మాట గూడ..."

రాఘవేంద్ర కళ్ళు వాచి ఉన్నాయి. అరవలేదు.

"ఇవాళ కూడా నీకు ముగ్గేనా యాదమ్మా? కడిగేసింది కనపడలేదా?"

"నాకెర్క లేదు బాబూ. బంద్ అనుకున్న."

"సరే. ఇంక మా గుమ్మం దగ్గరకి రావద్దు."

అతనూ సైదులూ పెట్టెను ముగ్గు మీదుగానే మోసుకెళ్ళారు. ఇంకో దారి లేదు. చిలకల మీద చెప్పుల అచ్చులు పడ్డాయి. సైదులు బయటికి వచ్చి ఆటో వైపు నడిచాడు. రాఘవేంద్ర తల్లిని భుజం పట్టుకుని లోపలికి నడిపించి, వెనక్కి తిరిగి, ఎదురుగా నిలబడ్డ యాదలక్ష్మి ముఖం మీదే తలుపు వేశాడు. లోపల గడియ పడింది.

తలుపు అవతల, మొదటి మెట్టు మీద, మూత తీసిన స్టీలు డబ్బా ఆమె పేరుతో అలాగే ఉండిపోయింది.