ఎర్రజెండా ఎత్తిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం బంగారం లాంటి గాలి. సముద్రం మీంచి తిన్నగా వచ్చి, ఒడ్డునున్న ఎత్తైన గట్టును తాకి, మెత్తగా పైకి లేస్తోంది. అంచున పరిచిన నీలం పారాగ్లైడర్ రెక్క నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. అలాంటి గాలిలో ఎవరికైనా ఒళ్ళు తేలికైపోతుంది. కోడలికీ అలాగే అనిపించింది. కానీ ఆమె చేతిలో జెండాలున్నాయి.

ఆ గట్టు మీద పచ్చజెండా ఎత్తాలన్నా, ఎర్రజెండా ఎత్తాలన్నా ఆమే. ఎర్రది ఎత్తితే ఎగరకూడదు, ఎందుకని అడగనూ కూడదు. ఎగరాలని తహతహలాడేవాడికి కారణం చెబితే దానికి వంద వంకలు పెడతాడని ఈ నియమం పెట్టింది ఆమె మామగారే. తనకే ఎర్రజెండా చూపించే రోజొకటి వస్తుందని మహానుభావుడు అనుకోలేదు.

మామగారు తాళ్ళు సరిచూసుకుని, హెల్మెట్ బిగించుకుని, కళ్ళు మూసుకుని చెంపకు గాలి తగలనిచ్చారు. నేల మీద ఉన్నంతసేపూ ముక్తసరి మనిషి. పైకి లేచారంటే పాటే పాట. ఆ కూనిరాగం అప్పుడే మొదలైంది.

కోడలు సముద్రం వంక చూసింది. దూరాన నీళ్ళు నల్లబడ్డాయి, వాటి మీద తెల్లటి నురగ లేస్తోంది. అక్కడ గాలి ముదిరిందన్నమాట. అది ఇక్కడికొచ్చేసరికి ఎవరైనా పైనుంటే వాళ్ళను గట్టు వెనక్కి తోసేస్తుంది. ఆ వెనక గాలి సుళ్ళు తిరుగుతూ రెక్కను ముడిచి, మనిషిని నేలకేసి కొడుతుంది. ఆమె వెంటనే ఎర్రజెండా ఎత్తేసింది.

"ఇదేంటమ్మా, ఇంత చక్కటి గాలికి?"

"అడగకూడదు మామయ్యా. మీరు పెట్టిన నియమమే."

"అది అందరికీ. నాకు చెప్పు."

ఆమె చెయ్యి చాపింది. "అదిగో, నురగ."

ఆయన కళ్ళు చికిలించి, తల అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎక్కడమ్మా?"

ఆమె గబగబా వెళ్ళి రెక్క మీద చతికిలబడింది. ఆయన కోప్పడబోయేలోగా గాలి వచ్చి మీద పడింది. గాలి వాటం చూపడానికి స్తంభానికి కట్టిన గుడ్డసంచి కర్రలా బిగుసుకుంది. రెక్క గింజుకుంటుంటే ఆయనా దాని మీద పడుకుని రెండు చేతులా అదిమిపట్టారు. కింద గుడ్డలో గాలి దూరి, వాళ్ళిద్దరినీ నీళ్ళలో తేలుతున్నట్టు ఊపింది. అలా ఎంతసేపు ఊగారో ఇద్దరికీ తెలియదు.

"కొన్నాళ్ళుగా సముద్రం నాకు రోజూ ప్రశాంతంగానే కనిపిస్తోందమ్మా," అన్నారు చివరికి. "నా అదృష్టం అనుకున్నాను."

ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టారు.

"మొన్న నీ కూతుర్ని నా ముందు కట్టుకుని ఎగిరాను కదూ."

ఆయన నడుముకు బిగించిన పట్టీల బకిళ్ళు తడుముకున్నారు. ఆమె దగ్గరికి జరిగి ఒక్కొక్కటే విప్పింది. ఆయన వద్దనలేదు.