అద్దంలో అక్క

ఆయా అద్దాలకు ముసుగులు సర్దుతోంది. వృద్ధాశ్రమంలో ఆ పై అంతస్తు మతిమరుపు ముదిరిన వాళ్ళది. తమ ముఖం తామే గుర్తుపట్టలేక, ఎవరో పరాయి మనిషి గదిలో దూరాడని వాళ్ళు హడలిపోతారు. అందుకే పొద్దున్నే ప్రతి అద్దానికీ దుప్పటి ముక్క కప్పాలి. ఏళ్ళ తరబడి ఇదే పనై, ఇంట్లో కూడా ఆమె అద్దం చూడకుండానే తల దువ్వుకుంటోంది. "నీ మొహం నీకే విసుగొచ్చిందా అమ్మా?" అని కూతురు ఆటపట్టిస్తుంది.

చివరికి ఆయా టైపు మామ్మ గదికి వచ్చింది. మామ్మ ఒకప్పుడు ఆఫీసులో టైపిస్టు. ఇప్పటికీ దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంటుంది. ఆమెకు మాత్రం అద్దమంటే భయం లేదు, అందుకే ఆ ఒక్క అద్దాన్నీ కప్పేవాళ్ళు కాదు. అందులో ఉన్నది ఎప్పుడో చనిపోయిన తన అక్క అనుకుని రోజంతా ఊసులాడేది. మొన్న పక్కగది తాత అద్దం చూసి కేకలు పెడితే, ఆయా కంగారులో ఈ అద్దానికి కూడా గుడ్డ కప్పి మరిచిపోయింది. అప్పటినుంచి మామ్మ ముద్ద ముట్టలేదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ అప్పటికే గదిలో ఉంది. అద్దం వైపు చూపించి అడిగింది.

"ఇదెప్పుడు కప్పారు?"

"మొన్నండీ."

"తీసెయ్యమ్మా. భయపడేవాళ్ళకే అది. ఈవిడకి అక్కడున్నది తోడు. ఈ పూట కూడా తినకపోతే ఆసుపత్రికి పంపి గొట్టం వేయించాల్సిందే."

ఆయా గబగబా అద్దం దగ్గరికి వెళ్ళింది. నా చేత్తో నేనే ఈవిణ్ణి పస్తు పెట్టాను కదా అనుకుంటూ గుడ్డ లాగేసింది. డాక్టరమ్మ పక్కగదికి వెళ్ళిపోయింది.

మామ్మ అద్దంలోకి కళ్ళార్పకుండా చూసింది.

"ఎక్కడికెళ్ళావక్కా? ఎంత చిక్కిపోయావే! నీకెవరూ తిండి పెట్టలేదా?"

తరవాత తల వంచి, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు ఊఁ కొట్టింది. ఆయాకి నవ్వొచ్చింది.

"ఏమంటున్నారు మీ అక్కగారు?"

"ఆకలేస్తోందిట. జావ తే అమ్మాయ్."

ఆయా ఒక్క పరుగున గిన్నెడు జావ తెచ్చింది. మామ్మ తనంతట తానే చెంచా అందుకుంది. ఆ సంతోషంలో ఆయా కుర్చీని అద్దం దగ్గరికి జరిపి, "అక్కాచెల్లెళ్ళ మధ్య నేనెందుకులెండి," అంటూ పక్కగదిలో దుప్పట్లు మార్చడానికి వెళ్ళింది.

గోడ అవతల మామ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. బుజ్జగిస్తోంది, కసురుతోంది. ఒకసారి ఇద్దరు నవ్వినట్టనిపించింది. ఆ తరవాత ఏమీ వినబడలేదు.

తిరిగొచ్చేసరికి గిన్నె నాకినట్టు ఖాళీ!

"శభాష్ మామ్మగారూ! గొట్టం బాధ తప్పింది," అంటూ ఆయా మూతి తుడవబోయింది. మామ్మ మెడ పక్కకి వాలిపోయి ఉంది. ఊపిరి లేదు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. వాటికి చుక్క జావైనా అంటలేదు. ఒళ్ళో లేదు, నేల మీదా లేదు.

ఆయా అద్దం వైపు చూడకూడదనుకుంది. చూసింది. గాజు మీద, సరిగ్గా నోరుండేంత ఎత్తున, చెంచాడు జావ మరక ఇంకా తడిగానే ఉంది.