ఏడో షీటు

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. నాతో చదివే తీలో ఎబ్బెకె రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుంది. మా స్నేహం అక్కడే మొదలైంది. నేను చేసిన పాడుపని కూడా అక్కడే మొదలైంది.

మా ఫిజిక్స్ విభాగంలో వారానికో లెక్కల షీటు ఇస్తారు. ఇద్దరిద్దరు కలిసి చేసి, పైన రెండు పేర్లూ రాసి, గురువారం పొద్దున పదిలోపు మెట్ల దగ్గరున్న చెక్కపెట్టెలో వెయ్యాలి. మొత్తం మార్కుల్లో సగం వస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. వచ్చిన మార్కులు ఇద్దరికీ సమానం. ఎవరు ఆలోచించారు, ఎవరు రాశారు అని ఎవరూ అడగరు. ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

నేను చిత్తుకాగితం మీద లెక్క తేల్చేదాన్ని. తీలో దాన్ని చక్కగా తెల్లకాగితం మీదికి ఎక్కించేవాడు. పని ఇద్దరం పంచుకుంటున్నామనే అనుకున్నాం.

ఏడో షీటు రోజు నాకు బాగా గుర్తుంది. ఒక లోలకం కింద ఇంకో లోలకం వేలాడదీసి, రెండూ కలిసి ఎలా ఊగుతాయో చెప్పమన్నారు. తొమ్మిదిన్నర అయింది. క్యాంటీన్ కిటికీ బయట మంచు కరిగి బురదవుతోంది. రాస్తూ రాస్తూ తీలో పెన్ను ఆపాడు.

“ఆగాగు. రెండు చోట్లా కొసైన్లే కదా. పై వరుసలో దాన్ని ఒకటి అనేసి వదిలించుకున్నావ్. కింద వరుసలో మాత్రం వర్గం దాకా ఉంచావ్. ఎందుకలా?”

“అలాగే చేస్తారు.”

“అదే, ఎందుకు చేస్తారు తల్లీ?”

“ఒరేయ్, పది కొడుతుంటే నీ పురాణమేంట్రా? ముందు రాయి, తర్వాత చెప్తా.”

“నీ తర్వాతలు నా దగ్గర సంచీడు పోగయ్యాయి,” అని నవ్వి, రాసేశాడు.

ఇరవైకి ఇరవై వచ్చాయి. దిద్దినాయన పక్కన ‘చూడముచ్చటగా ఉంది’ అని కూడా రాశాడు. తీలో ఆ కాగితాన్ని తన గదిలో మంచం పక్క గోడకు అంటించుకున్నాడు. చెప్తానన్నది నేను చెప్పలేదు. మరుసటి వారం ఎనిమిదో షీటు వచ్చి నెత్తిన కూర్చుంది. ఇక వాడూ అడగలేదు.

పరీక్షలో మాత్రం ఎవరి కాగితం వాళ్ళదే. నేను మొదటిసారే గట్టెక్కాను. తీలో ఫిబ్రవరిలో తప్పాడు, అక్టోబరులో మళ్ళీ తప్పాడు. మిగిలింది మూడోసారి. అదీ తప్పితే ఈ దేశంలో ఏ విశ్వవిద్యాలయంలోనూ ఫిజిక్స్ చదవనివ్వరు. ఊరు మారినా లాభం లేదు.

తీలో పన్నెండేళ్ళప్పుడు గ్యారేజీ కప్పు మీద వెల్లకిలా పడుకుని గురుగ్రహం చందమామల్ని వెతికినవాడు. ఇప్పటికీ వాడికి కావాల్సింది అదొక్కటే. వాళ్ళ నాన్న ఇళ్ళ కప్పులకు పెంకులు వేస్తాడు. “ఏం పర్లేదు, మావాడికి నా నిచ్చెన ఎప్పుడూ ఖాళీయే,” అని ఫోనులో ఎకసెక్కం చేసేవాడట. తీలో నాకది చెప్పి నవ్వలేదు.

మూడోసారి పరీక్ష నోటితో. అరగంట. అడగడానికి ఒక ప్రొఫెసర్, పక్కన రాసుకోవడానికి ఇంకొకరు. మొదటి విషయం మనమే ఎంచుకోవచ్చు, అదొక్కటే వాళ్ళు చూపించే దయ.

“ఏడో షీటు చెప్పు,” అన్నాను. “ఇరవైకి ఇరవై తెచ్చిన లెక్క. కళ్ళు మూసుకుని చెప్పగలవు.” ఆ సలహా నాదే. వేరేవాళ్ళ మీదికి నెట్టడానికి లేదు.

నెలరోజులు పాత షీట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఒకరోజు తల పైకెత్తి, “విచిత్రం చూడు హెన్రికె,” అన్నాడు. “ఇదంతా నా రాతే. చదువుతుంటే మాత్రం ఎవడో రాసినట్టుంది.”

“అది పరీక్ష భయంరా,” అని కొట్టిపారేశాను.

మార్చిలో ఒక మంగళవారం, పొద్దున పదకొండింటికి తీలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రొఫెసర్ వాల్‌బ్రెష్ట్ గదిలోకి వెళ్ళాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ చెడ్డది కాదు. ముప్ఫై అయిదు నిమిషాలకు తలుపు తెరుచుకుంది. ప్రొఫెసరూ రాసుకునేవారూ మాట్లాడుకుని ఫలితం తేల్చేదాకా విద్యార్థి బయట ఉండాలి. తీలో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“అదే అడిగింది,” అన్నాడు.

“ఏది?”

“రెండు కొసైన్ల సంగతి. పైన ఎందుకు వదిలేశారు, కింద ఎందుకు ఉంచారు అని. అలాగే చేస్తారండీ అన్నాను. ఎందుకు చేస్తారు అంది. ఇంక అక్కణ్ణించి మిగతావన్నీ తప్పులే చెప్పాను.” నా వైపు తిరిగాడు. “ఇప్పుడైనా చెప్పు. ఎందుకు?”

వాడి చేతిలోని కాగితం లాక్కుని గీశాను.

“ఊపు చిన్నది, అవునా? పై వరుసలో కొసైన్ పక్కన రెండు వేగాలున్నాయి. రెండూ చిన్నవే. వాటిని ఇంకో చిన్నదానితో గుణిస్తే మిగిలేది దుమ్ము. అందుకే ఒకటి అనుకుంటే చాలు. కింద వరుసలో పక్కన ఉన్నవి బరువూ పొడవూ, అంతే. అక్కడ కూడా ఒకటి అనేస్తే లోలకాన్ని వెనక్కి లాగేదే ఉండదు. ఇక ఊగేదెలా?”

తీలో ఆ గీతలవైపే చూశాడు. వాడి మొహం మెల్లగా తేటపడింది.

“ఇంతేనా?”

“ఇంతేరా.”

“అలాగైతే మూడు లోలకాలున్నా ఇదే లెక్క. ఎన్నున్నా ఇదే!”

అది నేను చెప్పలేదు. వాడే అనుకున్నాడు. గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను.

లోపల్నించి పిలిచారు. వాడు వెళ్ళాడు. తలుపు పూర్తిగా పడలేదు.

“ఎబ్బెకె గారూ, ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది,” అంది ప్రొఫెసర్.

“మేడమ్, ఆ కొసైన్ సంగతి ఇప్పుడు తెలిసింది. చెప్పనా?”

వాడు చెప్పాడు. తడబడకుండా, మూడు లోలకాల దాకా చెప్పాడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, ఆవిడ నెమ్మదిగా ఏదో అనడం, అంతే.

బయటికొచ్చాడు. నన్ను చూశాడు. నేను చిత్తుగీతలు గీసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“ఒక్క తప్పు కూడా లేదంది, హెన్రికె,” అన్నాడు. “కానీ పరీక్ష అయిపోయిందట.”