మూడు గడ్డలు, ఒక మంచి రిపోర్టు

నతానియేల్ మెడ మీద గడ్డ లేచి నాలుగేళ్లయింది. మొదట చొక్కా పైగుండీ పట్టలేదు. అతను గుండీ పెట్టుకోవడం మానేసి, సమస్య తీరిందనుకున్నాడు.

కోకాపేటలో అతని ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పద్నాలుగేళ్లుగా ఇతరుల తప్పులు పట్టీ పట్టీ, తనలో తప్పుండదన్న నమ్మకం కుదిరిన మనిషి. ఆఫీసువాళ్లు ఏటా చేయించే రక్తపరీక్షలో థైరాయిడ్ నార్మల్ అని వచ్చేది. ఆ రిపోర్టును ఫోనులో పెట్టుకుని, ఎవరి చూపు మెడ మీద పడినా అడక్కముందే తీసి చూపించేవాడు. చర్చిలో పాస్టరుగారికీ చూపించాడు. ఆయన కళ్లజోడు లేకుండానే చూసి "స్తోత్రం" అన్నారు.

భార్య కెజియా దవాఖానలో నర్సు. చెప్పిచెప్పి విసిగి, ఒకరోజు అన్నం వడ్డిస్తూ దారి మార్చింది.

"మీ డెవలపర్ వచ్చి, యాప్ ఓపెన్ అయితున్నది, ఇగ టెస్టింగ్ ఎందుకు అంటే ఊకుంటవా?"

"ఎట్ల ఊకుంట? ఓపెన్ అయితే లోపలంత మంచిగున్నట్టా?"

"నీ రక్తం రిపోర్టు గూడ గంతే. గ్రంథి పనిచేస్తున్నదని చెప్తది. గడ్డ ఎసొంటిదో చెప్పదు. సూది పెట్టి చూడాలె."

ముద్ద మింగి, డాక్టరు దగ్గరికి ఎప్పుడు రమ్మంటారో కనుక్కోమన్నాడు. ఇంత కచ్చితమైన బగ్ రిపోర్టు తన మీద ఎవరూ రాయలేదు.

స్కానింగులో గడ్డలు మూడు తేలాయి.

"ఇలాంటివి చాలావరకు క్యాన్సర్ కావండి. కొన్ని అవుతాయి. ఏవో తేల్చుకోవాలి" అన్నారు డాక్టర్ జయంతిగారు.

"సూది పెద్దదానికే కదా మేడం?"

"నిమ్మకాయంత ఉన్నా దాంతో నాకు పెద్ద పేచీ లేదండి. ఈ కుంకుడుకాయంతది ఉందే, దీని అంచులు నాకు నచ్చలేదు. అయినా మూడూ చూద్దాం."

నాలుగేళ్లూ లోలోపల పెద్దదాన్ని చూసి భయపడ్డాడు. సరైన గడ్డకు భయపడడం కూడా తనకు చేతకాలేదని సిగ్గేసింది.

సూది పరీక్షకు ముందురోజు, తన సమాధి దగ్గర ఏ కీర్తన పాడాలో కెజియాకు చెప్పబోయాడు.

"గా సూది చీమ కుట్టినంతే. తిని పండుకో" అంది.

వారానికి రిపోర్టు వచ్చింది. పెద్దదీ, మూడోదీ మంచివే. కుంకుడుకాయంతది క్యాన్సర్.

"ఇంకా చిన్నగానే ఉందండి. ఆపరేషన్‌తో చాలామందికి నయమైపోతుంది. మంగళవారం ఖాళీ ఉంది, లేదంటే వచ్చే నెల" అన్నారు డాక్టరుగారు.

మంగళవారం ఆఫీసులో కొత్త యాప్ రిలీజు ఉందని అతని నోటిదాకా వచ్చింది. మనిషి ఎంత మొద్దయినా ఒక హద్దుండాలని తనకే తోచి, మింగేశాడు.

"మంగళవారమే రాయండి మేడం."

ఆ మాటకు, ఇన్నాళ్లూ గట్టిగా మాట్లాడి ఇప్పుడు పక్కన కూర్చున్న కెజియా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. తమ ఇంట్లో ధైర్యం చెప్పే పని తనకు పడుతుందని నతానియేల్ ఎన్నడూ అనుకోలేదు. ఆమె చేతిలోని ఫైలు తను అందుకుని, రెండో చేత్తో ఆమె వేళ్లు పట్టుకున్నాడు.