రంగుల గదిలో నల్లబడ్డ కడియాలు

సాలెవాడ పెద్దలారా, బిక్షమ్మ కాళ్ల కడియాలు ఊడదీయించింది మీరే. అరుగుల మీద కూర్చుని చూసినవాళ్లు, నవ్వినవాళ్లు, ‘అయ్యో పాపం’ అని లోపలికి పోయి తలుపేసుకున్నవాళ్లు, అందరూ. తియ్యమన్న వెంకటనర్సు ఒక్కడి మీదికి నెట్టి తప్పించుకుందామంటే కుదరదు.

పానగల్ తోవలోని ఆ మగ్గాల వాడలో పెండ్లి కుదిరిందంటే సొమ్ములు, గిన్నెలు తోమడానికి బిక్షమ్మకు కబురు పోయేది. ఇత్తడికైతే చింతపండు, పొయ్యి బూడిద. వెండికి కుంకుడు నురుగు, ఆ మీద మెత్తని విభూతి. ఒకదానికి వేసేది ఇంకోదానికి వేసే మనిషి కాదు. తన చేతి ఇత్తడి గాజులను ఎంత తోమేదంటే, కొత్తగా వచ్చిన కోడళ్లు అవి బంగారమేమోనని రెండుసార్లు చూసేవాళ్లు. కాళ్లకు మాత్రం నిఖార్సయిన వెండి. తల్లి మైసమ్మ చనిపోయే ముందు తన కాళ్లవి తీసి తొడిగిన కడియాలు. ముప్పై ఏండ్లుగా తీయలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండాకాలంలో వెంకటనర్సు కొడుకు సిద్దిరాములు పెండ్లి వచ్చింది. బిక్షమ్మ పెరట్లో కూర్చుని వెండి వడ్డాణం, పట్టగొలుసులు, గంధపు గిన్నె తళతళలాడేటట్టు తోమి పెట్టింది. వెంకటనర్సు భార్య ఆండాళు వాటిమీద పసుపునీళ్లు చల్లింది. బిక్షమ్మ ముట్టుకున్న అంటు అట్లా పోతుందట! తర్వాత బుట్టలో పెట్టి రంగుల గదిలో ఉంచి తాళం వేసింది. ఆ ఇంట్లో తాళమున్న గది అదొక్కటే. నూలుకు నల్లరంగు పట్టించే కొత్త మందు పట్నం నుంచి ఆ వారమే దిగింది. దాన్ని కలిపిన కాగు మూలన ఉండి కుళ్లిన గుడ్ల కంపు కొడుతున్నది.

తెల్లారి ఆండాళు పెట్టిన కేకకు వాడంతా పోగైంది. వడ్డాణం అట్లపెనం లాగా నల్లగా ఉంది.

“బిక్షీ! ఏం జేసినవే నా సొమ్మును?”

“నిన్న నీ కండ్ల ముందరనే తోమిన గదమ్మా,” అన్నది బిక్షమ్మ.

“తోమినవా, మార్చినవా? వెండైతే గిట్ల బొగ్గు లెక్క అయితదా?”

“చింతపండు నీళ్లల్ల కరిగించుకొని తాగిందేమో!” ఎదురింటి రాజమణి అన్నది. అరుగులు నవ్వాయి.

“తాగితే నా కడుపు మెరుస్తుండె గద రాజమణమ్మా! జర వచ్చి చూడరాదు!”

ఆ మాటతో వెంకటనర్సుకు పుండు మీద కారం చల్లినట్టయింది. “నోరు గూడనా? మా సొమ్ము తెచ్చిచ్చేదాక నీ కడియాలు గీడ పెట్టు.”

“అయ్యా, అవి మా అమ్మయి...”

“పెట్టు!”

ఆమె కాళ్లు ఎవరూ ముట్టుకోలేదు. కుంకుడు నురుగు గిన్నె ఒకటి ముందుకు తోశారు. నడివాడలో కూర్చుని, నురుగు రాసుకుని తనే ఊడదీసుకున్నది. చర్మం లేచి నెత్తురు వచ్చింది. తెల్లని కడియాలు ఇత్తడి పళ్లెంలో పడ్డాయి. వాటి మీదా పసుపునీళ్లు పడ్డాయి. పళ్లెం రంగుల గదిలోకి పోయింది, తాళం పడింది.

మరునాడు పొద్దున బిక్షమ్మ నగలు చేసే అవుసుల పరమేశ్వర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. సొమ్ము వెండిదో కాదో ఆయనే చూసి చెప్పాలన్నది. గది తీశారు. పళ్లెం బయటికి వచ్చింది.

కడియాలు నల్లగా ఉన్నాయి!

బిక్షమ్మ వాడ దిక్కు తిరిగింది.

“నిన్న మీరందరు చూసిన్రు గద, తెల్లగుండె! వీటిని గూడ నేనే మార్చిన్నా? తాళంచెవి ఎవరి బొడ్లె ఉన్నది?”

పరమేశ్వర్ వడ్డాణాన్నీ కడియాన్నీ ఆకురాయితో గీశాడు. రెండిట్లోనూ తెల్లని వెండి బయటపడింది. కాగు దగ్గరికి పోయి వాసన చూసి ముక్కు మూసుకున్నాడు.

“గీ రంగుమందుల గంధకం ఉన్నది. దాని గాలి తగిలితే చాలు, వెండి మీద నల్లగ పట్టుకుంటది. మా కొలిమికాడ గంధకం పొట్లం పక్కన వెండి పెట్టనే పెట్టం. ఎవరు మార్చలే. తోమితే పోతది.”

వెంకటనర్సు తువ్వాల దులుపుకుని లోపలికి పోయాడు. రాజమణి తన ఇంటి గడప దాటి లోపలికి పోయింది. ఆండాళు మాత్రం ఏమీ జరగనట్టే అన్నది:

“ఐతే ఐందిలే. నీయి నువ్వు తీస్కపో. రేపే పెండ్లి, సొమ్మంత మళ్ల తోమాలె. కుంకుళ్లు నానవెట్టిన, రా.”

నిన్న దొంగను చేసిన నోరు ఇదేనా? బిక్షమ్మ కడియాలు అందుకోలేదు. నిన్న నెత్తురు కారిన జాగాలోనే కూలబడ్డది.

“తోముత. తోమనని ఎన్నడన్న అన్ననా? ముందుగాల నా కడియాలు నువ్వు తోము ఆండాళమ్మా. తోమి, గీడనే, గందరి ముందర, నీ చేతులతోని నా కాళ్లకు తొడుగు. పసుపునీళ్లు చల్లకు.”

ఆండాళు లోపలికి పోయి తలుపు మూసుకున్నది. పళ్లెం అరుగు మీద అట్లాగే ఉంది. పందిరి వేయడానికి వచ్చినవాళ్లు బిక్షమ్మ పక్కనుంచి తప్పుకుని పోతున్నారు.

ఆండాళమ్మా, తలుపు తియ్. వెంకటనర్సూ, దొంగ అన్న నోటితోనే కాదని చెప్పు. అరుగుల మీది పెద్దలారా, నిన్న నవ్విన చోటికి దిగి రండి, నిలబడి చూడండి. పందిరి గుంజ నాటకముందే ఆ కడియాలు ఆమె కాళ్లకు ఎక్కాలి.